కుక్కపిల్లకు చదువు చెప్పిన శాస్త్రము

నల్లమల కొండలకు పడమటి దిక్కున, కుందూనది పారు మైదానమున బండి ఆత్మకూరు కలదు. పూర్వము కర్నూలు జిల్లాలో నుండిన ఈ మండలము 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరినది. వరిమళ్ళు, జొన్నచేలు, గొర్రెలమందలు, కొండ దాపున ఓంకార క్షేత్రము - ఇదీ ఈ సీమ స్వరూపము. పొలమునకు కాపలా కావలెనన్నను, మందకు తోడు కావలెనన్నను, రాత్రివేళ ఇంటిముందు అలికిడి తెలియవలెనన్నను ఇచ్చటివారు మొదట తలచుకొనునది కుక్కనే.

ఇట్టి ఊరిలో ఒక యింటికి ఏడెనిమిది వారముల కుక్కపిల్ల క్రొత్తగా వచ్చినదనుకొనుడు. ప్రొద్దు గూకకమునుపే సలహాలు వచ్చి చేరును. "మొదట్నుంచీ కట్టె చూపియ్యాల, లేకుంటే నెత్తికెక్కుతాది" అనును ప్రక్కింటి తాత. "కొట్టొద్దప్పా, మందలో ఇడిచిపెట్టు, అదే నేర్చుకుంటాది" అనును గొర్రెల కాపరి. ఆరునెలలు నిండువరకు దానికేమియు నేర్పరాదని పోలీసు ఉద్యోగము చేసి విరమించిన పెద్దమనిషి చెప్పును. కుక్క తోడేలు జాతిది గనుక యజమాని మందకు నాయకుడని చాటుకొనవలెననియు, మాట విననిచో వెల్లకిల పడవేసి అదిమి పట్టవలెననియు పట్నమున చదువుకొను కుర్రవాడు వాదించును. టీకాలు పూర్తి యగువరకు గడప దాటింపవలదని పశువైద్యశాలలో చెప్పుదురు. "రొట్టెముక్క చూపి పిల్చు నాయనా, అదెందుకు రాదు!" అని ఇంటిలోని అవ్వ తేల్చివేయును.

సలహాలు ఆరు, కుక్కపిల్ల ఒక్కటే. ఏది వినవలెను? ఇది చిన్న ప్రశ్నవలె తోచును గాని కాదు. భయపడిన కుక్క కరచును. ముందుగా కరువబడువారు చాలవరకు ఇంటిలోని పిల్లలే. రేబిస్ జాడ్యము నేటికిని పూర్తిగా తొలగని దేశమున కుక్కకాటు అనగా ప్రాణముతో పని. పైగా, కరచుట నేర్చిన కుక్కను చివరకు ఊరవతల విడిచి వచ్చుటయో, జీవితాంతము గొలుసున కట్టివేయుటయో జరుగును. కనుక ఈ ఆరు సలహాలలో ఒక్కొక్కటి ఎచ్చట పుట్టినదో, ఏ కుక్కలను చూచి పుట్టినదో పరిశీలించుట అవసరము. ఆ పరిశీలనయే ఒక చక్కని శాస్త్ర చరిత్ర.

పూర్వులు ఎరిగినది

మానవునకును కుక్కకును గల చెలిమి వ్యవసాయముకంటె పాతది. జర్మనీలోని బాన్ నగర సమీపమున ఓబర్‌కాసెల్ అనుచోట 1914లో ఒక పురాతన సమాధి బయల్పడినది. అందు ఇద్దరు మనుష్యుల అస్థులతోపాటు ఒక కుక్కపిల్ల అస్థులు కూడ లభించినవి. ఇవి సుమారు 14,000 సంవత్సరముల నాటివి. 2018లో వెలువడిన పరిశోధనవలన ఆ పిల్లకు డిస్టెంపర్ అను ప్రమాదకరమైన జబ్బు సోకినదనియు, అది కొన్ని వారములపాటు బ్రతికి యుండుటకు మనుష్యుల పరిచర్యయే కారణమై యుండుననియు దాని పండ్ల గుర్తులనుబట్టి తెలిసినది. జబ్బుపడిన పిల్ల వేటకు పనికిరాదు. అయినను దానిని సాకిరి. మన దేశములోను కాశ్మీరమునందలి బుర్జహోమ్ అను నవీన శిలాయుగపు స్థలమున మనుష్యులతోపాటు కుక్కలను కూడ పూడ్చిన గుంతలు బయల్పడినవి.

తెలుగు సాహిత్యపు తొలి మహాకావ్యములో కథ ఆరంభమగుటయే ఒక కుక్కపిల్లతో. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టు రచించిన భారతములో, ఆదిపర్వమున, సరమ అను దేవశునకము యొక్క వృత్తాంతము కలదు. జనమేజయుడు యజ్ఞము చేయుచుండగా సరమ కుమారుడు ఆడుకొనుచు అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములు ఆ పిల్లను నిష్కారణముగా కొట్టిరి. తల్లి రాజునొద్దకు వచ్చి, తప్పు చేయనివానిని కొట్టుట యుక్తమా యని నిలదీసెను. కొట్టినవారికి ఆ దెబ్బ దేనికో తెలియదు. తిన్నదానికి అంతకంటె తెలియదు. ఈ చిన్న కథలోని ప్రశ్నయే కొన్ని వందల సంవత్సరముల తరువాత ప్రయోగశాలలకు చేరినది.

కల్యాణి చాళుక్య చక్రవర్తియగు మూడవ సోమేశ్వరుని పేర 1130 ప్రాంతమున వెలసిన మానసోల్లాసమున సారమేయ వినోదమను ప్రకరణము కలదు. వేటకుక్కల పెంపకము రాజులు ఎరుగదగిన విద్యయని ఆనాటి దక్కను రాజసభలు తలచినవన్నమాట. ఇంకను పూర్వము, క్రీస్తునకు నాలుగు శతాబ్దములకు ముందు, గ్రీసు దేశమున జెనోఫాన్ పేర వేటకుక్కలను గూర్చిన గ్రంథము పుట్టినది. పిలుచుటకు వీలుగా కుక్కలకు పొట్టి పేర్లు పెట్టవలెననియు, ఆడుపిల్లలను ఎనిమిదవ నెలలోను మగపిల్లలను పదియవ నెలలోను వేటకు తీసికొని పోవలెననియు అందు కలదు. పిల్లలకు ఆహారమును వలల సమీపముననే పెట్టవలెననియు, దారి తప్పినను ఆ తిండికై తిరిగి వచ్చుననియు ఆ రచయిత సూచించెను. బండి ఆత్మకూరి అవ్వ చెప్పిన రొట్టెముక్క సలహాకు వయస్సు 2,300 సంవత్సరములకు పైమాటయే.

కట్టె నడచి వచ్చిన త్రోవ

మరి ప్రక్కింటి తాత చేతి కట్టె ఎచ్చటిది? పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో తుపాకి వేట పెరిగినప్పుడు కుక్కకు పని నేర్పుటను శిక్షణ అనక, గుఱ్ఱమును లొంగదీయుట అను అర్థమిచ్చు మాటతోనే వ్యవహరించెడివారు. కొరడాయే గురువు. 1848లో హచిన్సన్ అను సేనాధికారి ఈ విషయమునే గ్రంథముగా వ్రాసి, కొరడాకంటె ఓర్పు త్వరగా ఫలించునని వాదించెను. గ్రంథమునకు మాత్రము పాత పేరే పెట్టెను. మాట మారుటకు పట్టు కాలము పద్ధతి మారుటకు పట్టు కాలముకంటె ఎక్కువ కాబోలు!

1899లో బెల్జియము దేశపు గెంట్ నగరమున పోలీసులు కుక్కలను గస్తీకి ఉపయోగింప నారంభించిరి. జర్మనీ వెనువెంటనే అనుసరించెను. అచ్చటి పోలీసు అధికారియగు కొన్రాడ్ మోస్ట్ 1906లో సార్‌బ్రుకెన్ నగరమున పోలీసు కుక్కల శిక్షణ ఆరంభించి, 1910లో ఒక గ్రంథము ప్రకటించెను. కుక్కకు మనుష్యభాష అర్థము కాదనియు, అది నీతిని ఎరిగి ప్రవర్తింపదనియు, తాను చేసిన పనికి వెన్వెంటనే కలుగు సుఖమునుబట్టియు బాధనుబట్టియు నేర్చుకొనుననియు మోస్ట్ స్పష్టముగా గ్రహించెను. క్షణము ఆలస్యమైనను బహుమానముగాని శిక్షగాని వ్యర్థమని చెప్పిన అతని మాట నేటికిని చెల్లుచున్నది. అయితే అతడు తయారు చేయుచుండినవి నేరస్థులను పట్టుకొనవలసిన పెద్ద కుక్కలు. కాలము తక్కువ, క్రమశిక్షణ ముఖ్యము. కనుక నిర్బంధమునకు ఆ గ్రంథమున పెద్దపీట దక్కినది.

రెండు ప్రపంచయుద్ధములలో వేలకొలది కుక్కలు సైన్యములలో పనిచేసినవి. యుద్ధములు ముగిసిన పిమ్మట ఆ శిక్షకులు ఇండ్లలోని కుక్కలకు గురువులైరి. 1962లో అమెరికాలో విలియం కోయెలర్ వ్రాసిన ప్రసిద్ధ గ్రంథము ఈ త్రోవలోనిదే. మెడకు ఇనుపగొలుసు వేసి చటుక్కున గుంజుట ఇందు ముఖ్యమైన పనిముట్టు. లేత మెడ దానిని తట్టుకొనజాలదు. ఆరునెలలు నిండవలెనను నియమమునకు మూలము ఇదియే. నియమము కుక్కపిల్ల మెదడును చూచి పెట్టినది కాదు. గొలుసును చూచి పెట్టినది. గొలుసు గుంజుట మానినచో ఆరునెలలు వేచియుండవలసిన అవసరమును లేదు.

లాలాజలము చెప్పిన సాక్ష్యము

పోలీసులు గస్తీ కుక్కలను తయారు చేయుచున్న దినములలోనే రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్ నగరమున ఇవాన్ పావ్‌లోవ్ అను శరీరశాస్త్రజ్ఞుడు కుక్కల జీర్ణక్రియను పరిశోధించుచుండెను. ఆ కృషికి 1904లో నోబెల్ బహుమానము లభించినది. అతనికి ఒక చిక్కు ఎదురయ్యెను. ఆహారము నోట పడకమునుపే, ఆహారము తెచ్చు మనిషి అడుగుల చప్పుడు వినగానే, కుక్కలకు లాలాజలము ఊరుచుండెను. అడ్డంకిగా తోచిన ఈ సంగతినే పావ్‌లోవ్ పరిశోధనాంశముగా గైకొనెను. తాళము కొట్టు మెట్రోనోమ్ యంత్రపు శబ్దము వినిపించిన వెంటనే ఆహారము పెట్టుచు వచ్చినచో, కొన్నాళ్ళకు ఆ శబ్దమునకే లాలాజలము ఊరును. దీనికే నిబద్ధ ప్రతీకార చర్య యని పేరు. పిల్లిగంట శబ్దమునకు కుక్క పరుగెత్తి వచ్చునట్లు చేయుటయు, చీపురును చూడగానే మూలన నక్కునట్లు చేయుటయు ఒకే సూత్రమున జరుగును. శబ్దము వెనుక అన్నము వచ్చెనా, దెబ్బ వచ్చెనా అన్నదే భేదము.

పావ్‌లోవ్ ప్రయోగశాలలో జరిగిన మరియొక ప్రయోగము కుక్కపిల్లలు గల ప్రతి యింటివారును ఎరుగవలసినది. వృత్తము కనబడినప్పుడు ఆహారము లభించును. దీర్ఘవృత్తము కనబడినప్పుడు లభింపదు. కుక్క ఈ భేదమును సులభముగా గ్రహించెను. పిమ్మట దీర్ఘవృత్తమును క్రమముగా వృత్తమునకు దగ్గరగా తెచ్చుచు వచ్చిరి. రెండు అక్షముల నిష్పత్తి 9 : 8 చేరునప్పటికి కుక్కకు భేదము తెలియలేదు. మూడు వారములు యత్నించినను ఫలితము లేకపోగా, అంతవరకు నెమ్మదిగా నుండిన కుక్క అరచుచు, కట్లను కొరుకుచు, ముందు తెలిసిన సులభమైన భేదమును కూడ మరచిపోయెను. దానినెవరును కొట్టలేదు. ఏ గుర్తునకు ఏ ఫలితమో తెలియకపోవుటయే దానికి బాధ యైనది.

అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లులను, కుక్కలను, కోడిపిల్లలను చిక్కుపెట్టెలలో ఉంచి, తలుపు తీసికొని బయటపడుటకు పట్టు కాలమును లెక్కించెను. తొలిసారి చాలసేపు తడుముకొన్న జంతువు పలుమారులు యత్నించిన పిమ్మట వెంటనే గడియ తీయుచుండెను. సుఖమునిచ్చిన చర్య బలపడును, బాధనిచ్చిన చర్య బలహీనపడును అని అతడు ఫలిత సూత్రమును ప్రతిపాదించెను. తరువాత 1930ల దశాబ్దమున చేసిన ప్రయోగములవలన సూత్రములోని రెండవ సగము సరికాదని తెలిసికొనెను. బహుమానము ఒక అలవాటును బలపరచినంత గట్టిగా శిక్ష దానిని బలహీనపరచదని అతడే ప్రకటించెను. తన సూత్రమును తానే సగము వెనుకకు తీసికొనుట శాస్త్రజ్ఞునకు లోపము కాదు, భూషణము.

బి. ఎఫ్. స్కిన్నర్ 1938లో ప్రకటించిన గ్రంథమున ఈ మార్గమును మరింత ముందుకు నడిపెను. ఒక చర్య వెంట వచ్చి ఆ చర్యను మరల మరల జరుగునట్లు చేయు ఫలితమునకు పునర్బలనము అని పేరు. 1951లో ఒక ప్రసిద్ధ విజ్ఞాన పత్రికలో సామాన్య పాఠకులకై వ్రాసిన వ్యాసమున, టిక్కుమను చిన్న ఆటబొమ్మ సహాయమున కుక్కకు పని నేర్పు విధమును అతడు వివరించెను. కుక్క తగిన పని చేసిన క్షణముననే టిక్కుమనిపించి, వెంటనే ఆహారము పెట్టవలెను. చేతిలోని ముక్క నోటికి అందులోపల గడచు ఒకటి రెండు క్షణముల ఎడమును ఆ శబ్దము పూరించును. ఈ పద్ధతినే 1984లో కరెన్ ప్రయర్ తన గ్రంథము మూలమున ఇంటింటికి చేర్చెను.

అయితే బహుమానముతో దేనినైనను ఏమైనను చేయవచ్చునను గర్వమునకు కూడ అడ్డుకట్ట పడినది. స్కిన్నర్ శిష్యులైన కెల్లర్ బ్రెలాండ్, మేరియన్ బ్రెలాండ్ దంపతులు అనేక జాతుల జంతువులకు ప్రదర్శనలకై శిక్షణ నిచ్చిరి. నాణెములను తెచ్చి డబ్బాలో వేయుటకు నేర్పిన పందులు కొన్నాళ్ళకు వానిని నేలపై పడవేసి మూతితో కెళ్ళగించుట మొదలు పెట్టినవి. తమ జాతి స్వభావము నేర్పిన విద్యను మింగివేసినదని ఆ దంపతులు 1961లో దాపరికము లేక వ్రాసిరి. కుక్కతోక వంకర యను లోకోక్తిలో కొంత సత్యము లేకపోలేదు.

మొక్కగా నున్నప్పుడే

గొర్రెల కాపరి సలహాకు అమెరికాలోని బార్ హార్బర్ పరిశోధనశాల సాక్ష్యమిచ్చినది. అచ్చట జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు అయిదు జాతుల కుక్కలను పదమూడేండ్లపాటు పరిశీలించి 1965లో తమ గ్రంథమును ప్రకటించిరి. కుక్కపిల్ల జీవితములో మూడవ వారమునుండి పండ్రెండవ వారమువరకు ఒక కీలకదశ కలదనియు, ఆ దశలో అది ఎవరితో మెలగునో వారిని తనవారిగా ఎంచుననియు వారు తేల్చిరి. అంతకుముందు 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనువారు ఎత్తైన కంచె గల మైదానమున మనుష్యుల కంటపడకుండ కుక్కపిల్లలను పెంచిరి. కొన్నింటిని వేర్వేరు వయస్సులలో ఒక వారముపాటు ఇంటికి తెచ్చి మరల విడిచిరి. పదునాలుగు వారములు నిండువరకు మనిషిని ఎరుగని పిల్లలు ఆ తరువాత ఎంత యత్నించినను చేరువ కాక, అడవి మృగములవలె బెదరుచుండెను. మొక్కై వంగనిది మానై వంగునా యను సామెతకు ఇంతకంటె వేరు వ్యాఖ్య అక్కరలేదు.

1970ల దశాబ్దమున కాపిన్జర్ దంపతులు యూరప్, ఆసియా ఖండముల కాపరి కుక్కలను అమెరికాకు తెప్పించి పరిశోధింపగా, చిన్ననాటనే గొర్రెపిల్లల నడుమ పెరిగిన కుక్క వానిని తన జాతివిగా భావించి కాచుచున్నదని తెలిసినది. మందలో విడిచిపెట్టుమను కాపరి తరతరముల అనుభవమున పలికినది ఈ మాటయే.

మరి టీకాలు పూర్తి యగువరకు బయటికి తీయవలదను మాట? దానికిని ఒక చరిత్ర కలదు. 1978లో పార్వోవైరస్ అను క్రొత్త వైరస్ బయల్పడి అతి త్వరలో ప్రపంచమంతట వ్యాపించి, లెక్కలేనన్ని కుక్కపిల్లలను రక్తవిరేచనములతో చంపినది. పశువైద్యుల హెచ్చరిక ఆ అనుభవమున గట్టిపడినది. అది నేటికిని యథార్థమే. కాని టీకాలు ముగియువరకు గదిలో మూసి పెట్టినచో కీలకదశ దాటిపోవును. ఈ రెండు సత్యములను సమన్వయించుచు, జంతు ప్రవర్తనను పరిశోధించు అమెరికా పశువైద్యుల సంఘము 2008లో ఒక ప్రకటన చేసెను. మొదటి టీకా వేయించిన వారము దినముల పిమ్మట, శుభ్రమైన చోట, టీకాలు వేయించిన ఇతర కుక్కపిల్లలతో కలియనీయవచ్చునని దాని సారాంశము. పల్లెలో దీనికి సులభమైన మార్గము కలదు. పిల్లను చంకనెత్తుకొని త్రిప్పవలెను. ట్రాక్టరు చప్పుడు, బడిపిల్లల సందడి, తలపాగా చుట్టిన మనిషి, గొడుగు పట్టిన మనిషి, అన్నియు దానికి చూపవలెను. నేలను మాత్రము నాకనీయరాదు.

తోడేలు నాయకుని కథ

పట్నపు కుర్రవాని సలహాకు మూలము 1947లో వెలువడిన ఒక పరిశోధన. రుడాల్ఫ్ షెంకెల్ అను శాస్త్రజ్ఞుడు స్విట్జర్లండులోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో తోడేళ్ళను పరిశీలించెను. ఇరుకైన ఆవరణలో ఉంచిన ఆ తోడేళ్ళు పోరాడుకొనుచు, గెలిచినది నాయకత్వము వహించుచున్నట్లు కనబడెను. 1970లో డేవిడ్ మెక్ అను అమెరికన్ శాస్త్రజ్ఞుడు తోడేలును గూర్చి వ్రాసిన ప్రసిద్ధ గ్రంథమునందును ఈ భావము చేరినది. 1978లో న్యూయార్కు రాష్ట్రపు ఒక క్రైస్తవ మఠమువారు కుక్కల పెంపకముపై వ్రాసిన గ్రంథము, కుక్కను వెల్లకిల పడవేసి అదుముట నాయకత్వపు గుర్తని సలహా ఇచ్చెను. అట్లు తోడేళ్ళ పోరు ఇండ్లలోనికి వచ్చినది.

మెక్ 1986నుండి కెనడాకు ఉత్తరమున ఎల్స్‌మియర్ ద్వీపమున అడవి తోడేళ్ళను అనేక వేసవులు దగ్గరనుండి చూచెను. అచ్చట కనబడినది వేరు. తోడేళ్ళ మంద అనగా తల్లిదండ్రులు, వారి పిల్లలు. నాయకుడు పోరాడి గెలిచినవాడు కాడు. పిల్లలను కన్న తండ్రి. ఈ సంగతిని 1999లో ప్రకటించి, తన పాత గ్రంథమును ఇకమీదట ముద్రింపవలదని ప్రచురణకర్తలను కోరెను. మఠమువారును తరువాతి ప్రతిలో తమ సలహాను ఉపసంహరించుకొనిరి. ఇరుకు చెరసాలలో అపరిచితులైన ఖైదీల ప్రవర్తనను చూచి, మనుష్య కుటుంబములన్నియు ఇట్లే యుండునని వ్రాసినచో ఎంత పొరబాటో ఇదియు అంతే. పైగా కుక్క తోడేలు కాదు. వేల సంవత్సరములుగా మనిషి ప్రక్కన బ్రతికిన వేరు ప్రాణి.

తూకములో వేసినప్పుడు

ఇటీవలి కాలమున ఈ పద్ధతులను నేరుగా పోల్చి చూచుట జరిగినది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ వైద్యశాలకు ప్రవర్తనా దోషములతో వచ్చిన కుక్కల యజమానులను 140 మందిని ప్రశ్నించి 2009లో ఫలితములు ప్రకటించిరి. కుక్కను కొట్టిన లేక తన్నిన యజమానులలో 43 శాతము మంది, వెల్లకిల పడవేసినవారిలో 31 శాతము మంది, కుక్క తమపై తిరుగబడినదని చెప్పిరి. ఇవి ముందే చిక్కులు గల కుక్కలు గనుక ఈ లెక్కలు అన్ని కుక్కలకు వర్తించునని చెప్పరాదు. అయినను కట్టెను నమ్ముకొన్నవారికి ఇది తగిన హెచ్చరిక.

2020లో పోర్చుగల్ దేశపు పరిశోధకులు శిక్షణ పాఠశాలలలోని 92 కుక్కలను పరీక్షించిరి. అదలింపు, గుంజుట మున్నగు పద్ధతులను వాడు పాఠశాలల కుక్కల లాలాజలమున, ఆందోళనను సూచించు కార్టిసాల్ అను హార్మోను శిక్షణానంతరము హెచ్చుగా నున్నట్లు తేలినది. పిమ్మట ఒక ప్రక్క ఆహారము గల గిన్నెను, మరియొక ప్రక్క ఖాళీ గిన్నెను ఉంచి అలవాటు చేసి, నడుమ ఒక గిన్నెను ఉంచి చూచిరి. బహుమాన పద్ధతిలో పెరిగినవి ఆశతో పరుగెత్తినవి. శిక్షకు ఎక్కువగా గురియైనవి తటపటాయించినవి. పావ్‌లోవ్ కాలమున ఆకలిని తెలిపిన లాలాజలమే నూరేండ్ల తరువాత భయమును తెలిపినది.

మన ఊరికుక్కలకు చదువు రాదను అపోహ కూడ నిలువలేదు. కలకత్తాలోని భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలో అనిందిత భద్రా బృందము వీధికుక్కలను పరిశీలించి 2017లో ఒక విశేషమును తెలిపెను. అపరిచితుడు పలుమారులు కలియునప్పుడు, ఆహారము పొందిన కుక్కలకంటె తల నిమిరించుకొన్న కుక్కలు అతనిని ఎక్కువగా నమ్మినవి. రొట్టెముక్క అందుబాటులో లేనప్పుడు చేయి కూడ బహుమానమే. 2016లో కర్ణాటకపు ముధోల్ జాతి కుక్కలను మీరట్‌లోని సైనిక శిక్షణ కేంద్రమునకు తీసికొనిరి. కర్నూలు జిల్లాలో పత్తికొండ సమీపమున గల పందికోన గ్రామపు కుక్కలు కాపలాకు ప్రసిద్ధి గన్నవి. లోపము జాతిలో కాదు, నేర్పుటలో.

ఏ సలహా ఎంతవరకు?

ఇప్పుడు బండి ఆత్మకూరి ఆరు సలహాలను మరల చూడవచ్చును. మొదటినుండి నియమము ఉండవలెనను తాతమాట సరియైనది, కట్టె అనవసరము. మందలో పెరగనిమ్మను కాపరిమాట మూడునెలల లోపల అమూల్యము. ఆరునెలల నియమము గొలుసు పద్ధతికే చెల్లును. పేరు పిలిచిన వచ్చుట, కూర్చుండుట మున్నగునవి ఎనిమిదవ వారముననే ఆరంభింపవచ్చును. తోడేలు నాయకుని మాటను చెప్పినవారే విడిచిపెట్టిరి. టీకాల హెచ్చరికను పాటింపవలెను గాని దానికై పిల్లను ఒంటరిగా బంధింపరాదు. అవ్వ రొట్టెముక్క చాలవరకు గెలిచినది. అయితే ముక్క వెంటనే అందవలెను. కుక్క వచ్చి, కూర్చుండి, మరల లేచి పోయిన తరువాత పెట్టినచో, అది లేచిపోవుటకు బహుమానమగును. ఇంటిలో మూత్రము పోసిన గంట తరువాత ముక్కు రాచి కొట్టినచో సరమ కుమారునివలె దానికి దెబ్బమాత్రమే తెలియును, తప్పు తెలియదు. నిద్ర లేచిన వెంటనే, తిన్న వెంటనే, ఆడిన వెంటనే బయటికి తీసికొనిపోయి, అచ్చట పని ముగించిన క్షణమున మెచ్చుకొనుటయే దీనికి ఉపాయము.

నాలుగవ నెలనుండి పాలపండ్లు రాలి క్రొత్తపండ్లు వచ్చునప్పుడు పిల్ల అన్నింటిని కొరుకును. అప్పుడు చేతిని వెనుకకు తీసి, ఆట మానివేసి, కొరుకుటకు వేరొకటి ఇయ్యవలెను. పండు గాటు పడినచో చిన్నపిల్ల గదాయని ఉపేక్షింపరాదు. గాయమును సబ్బుతోను ధారగా పడు నీటితోను పదునైదు నిమిషములు కడిగి వైద్యశాలకు పోవలెను. పిల్లకు మూడవ నెలలో రేబిస్ టీకా వేయింపవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది ఇంటిల్లిపాది ఒక్క మాటపై నుండుట. మంచమెక్కిన పిల్లను ఒకరు ముద్దాడి, ఒకరు తరిమి, ఒకరు "దిగు" అని, మరియొకరు "పో" అన్నచో, పావ్‌లోవ్ ప్రయోగశాలలోని వృత్తము, దీర్ఘవృత్తముల చిక్కే దానికి ఎదురగును. రెండు మంచి సలహాలను కలగాపులగము చేయుటకంటె ఒక్కదానిని నిలకడగా పాటించుట మేలు. ఏ సలహానైనను స్వీకరించుటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెను. ఇది ఏ కుక్కలను చూచి చెప్పినది? ఏ పనికై చెప్పినది? చెప్పినవారు తరువాత పరీక్షించి చూచిరా?

ఈ పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు. ఉన్నత పాఠశాల విద్యార్థి ఎవరైనను తన యింటి కుక్కపిల్లను దినమునకు పదిమారులు ఒకే మాటతో పిలిచి, వచ్చిన ప్రతిసారి చిన్న జొన్నరొట్టె ముక్క పెట్టి, ఎన్నిమారులు వచ్చినదో నోటుపుస్తకమున వ్రాసికొనవచ్చును. రెండు వారముల అంకెలను గీతల కాగితముపై గుర్తించినచో, థార్న్‌డైక్ తన పెట్టెల ప్రక్కన కూర్చుండి గీచినట్టి వక్రరేఖయే అతని చేతిక్రింద రూపొందును. ఆ రేఖ పైకి పోవుచున్నచో సలహా మంచిది. పోనిచో మార్చవలసినది సలహాను గాని కుక్కను కాదు.